డిజిటల్ బోర్డు ముందు టీచరుకు బెరుకు ఎందుకు?

పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. టీచరు గోడ మీది డిజిటల్ ప్యానెల్ ఆన్ చేస్తారు. తెర మీద 'నో సిగ్నల్' అని వస్తుంది. రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కాలి, లేదా హెచ్‌డీఎంఐ కేబుల్‌ను ఒక పోర్టులోంచి తీసి పక్కదాంట్లో పెట్టాలి. ఇంట్లో టీవీకి సెట్‌టాప్ బాక్స్ ఉన్న ఎవరికైనా తెలిసిన పనే. కానీ ఇక్కడ వెనకాల నలభై మంది పిల్లలు చూస్తుంటారు. "సార్, సోర్స్ నొక్కాలి సార్" అని చివరి బెంచీ నుంచి ఓ గొంతు వినిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమంటారు. "సర్లే, పుస్తకాలు తీయండి" అంటారు టీచరు. ఆ ప్యానెల్ మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందో చెప్పలేం.

ఈ రెండు నిమిషాల్లో జరిగినదాన్ని 'టీచర్లకు టెక్నాలజీ రాదు' అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. అది సరైన లెక్క కాదు. అదే టీచరు ఉదయం ఫోన్‌పేలో పాలవాడికి డబ్బులు పంపి ఉంటారు, మెట్రో టికెట్ వాట్సాప్‌లో తీసుకుని ఉంటారు, మధ్యాహ్న భోజనం లెక్క యాప్‌లో ఎక్కించి ఉంటారు. యంత్రం తెలియక వచ్చిన ఇబ్బంది ఇందులో కొంచెమే. పిల్లల ముందు తడబడితే పరువు పోతుందన్న టెన్షనే పెద్దది. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి తరగతిలో ఒక స్థానం ఉంటుంది. తెలియనిదాన్ని పిల్లల కళ్ళ ముందు నేర్చుకోవడమంటే ఆ స్థానాన్ని పణంగా పెట్టడమే. యువ టీచర్లకూ ఈ భయం ఉంటుంది, కాకపోతే వాళ్ళు దాన్ని కప్పిపుచ్చుకోవడంలో కొంచెం నేర్పరులు.

దేశం నలుమూలల నుంచీ సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేటకు జనం వచ్చే ఊరు హైదరాబాద్. అక్కడికి రెండు మూడు బస్ స్టాపుల దూరంలోని బడిలో ఒక సోషల్ టీచరుకు పెన్‌డ్రైవ్‌లోని వీడియో ఎలా తెరవాలో చూపించే మనిషి లేకపోవడం వింతగా ఉంటుంది. కానీ చరిత్ర చూస్తే అంత వింతేమీ కాదనిపిస్తుంది.

బడికి యంత్రాన్ని చేర్చే ప్రయత్నాలు హైదరాబాద్‌కు కొత్తవి కావు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నడిచిన 'సైట్' ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు వెళ్ళాయి. వాటిని తయారుచేసిన దూరదర్శన్ కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. పగలు బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు ఉండేవి. ఆ ప్రయోగంలో భాగంగానే దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్స్ బోధనలో శిక్షణ ఇచ్చారు. అందులో టీవీ ఒక్కటే లేదు. అచ్చు పుస్తకాలు, చేతులతో చేసి చూసే పనులు కూడా కలిపారు. యాభై ఏళ్ళ నాటి ఆ పద్ధతి ఇప్పటి చాలా శిక్షణల కంటే తెలివైనదే.

ఆ తర్వాత 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలోని సుమారు 5,000 హైస్కూళ్ళలో కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. పెట్టి నడిపింది ప్రైవేటు ఏజెన్సీలు, ఒప్పందం ఐదేళ్ళు. ల్యాబుకు వేరే ఇన్‌స్ట్రక్టర్లు ఉండేవారు. ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. కంప్యూటర్ అంటే 'కంప్యూటర్ సారు' పని అయిపోయింది. లెక్కల టీచరు, సైన్స్ టీచరు ఆ గదిలోకి వెళ్ళాల్సిన అవసరమే రాలేదు. ఒప్పందం ముగిసి ఇన్‌స్ట్రక్టర్లు వెళ్ళిపోయాక ఎన్నో బళ్ళలో ల్యాబ్ గదికి తాళం పడింది. కంప్యూటర్లు చెడిపోయాయని అప్పట్లో గోల చేశారు. నిజానికి అవి బాగున్న రోజుల్లోనూ సబ్జెక్టు టీచరుకూ వాటికీ పరిచయం కుదరలేదు.

2020 సెప్టెంబర్ 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళలో ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడూ దాదాపు అదే కథ. స్టూడియోలో కెమెరా ముందు పాఠం చెప్పింది కొద్దిమంది టీచర్లు. మిగతా వేలాది మంది పని, పిల్లలు పాఠం చూశారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం, వర్క్‌షీట్లు ఇచ్చి దిద్దడం. కరోనా కాలం టీచర్లను డిజిటల్‌కు అలవాటు చేసిందని గట్టిగా చెప్పేవాళ్ళున్నారు. ప్రైవేటు స్కూళ్ళలో జూమ్ క్లాసులు నడిపినవారి విషయంలో అది కొంత నిజం. సర్కారు బడి టీచరుకు మాత్రం అది ఎక్కువగా ఫోన్ కాల్స్ కాలం. 2022లో 'మన ఊరు–మన బడి' పథకం వచ్చింది. నగరంలో దాని పేరు 'మన బస్తీ–మన బడి'. అందులో పెట్టుకున్న 12 అంశాల్లో డిజిటల్ విద్య ఒకటి. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, ఫర్నిచర్‌తో పాటు అదీ ఆ జాబితాలో ఉంది. వస్తువుల జాబితాలో వస్తువుగా చేరిందన్నమాట.

మనుషులు కొత్త సాంకేతికతను ఎప్పుడు చేతిలోకి తీసుకుంటారన్న ప్రశ్న మీద 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు చేసిన పని ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. ఆయన రెండు సంగతులు చూశాడు: ఇది నా పనికి పనికొస్తుందా, ఇది వాడటం సులువేనా. రెండూ ముఖ్యమే అయినా మొదటిదాని బరువే ఎక్కువని తేలింది. మన శిక్షణల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. ఏ బటన్ ఏం చేస్తుందో మూడు గంటలు చూపిస్తారు, దానివల్ల తొమ్మిదో తరగతి జామెట్రీకి ఏం ఒరుగుతుందో ఎవరూ చెప్పరు. ఇక ధైర్యం ఎలా వస్తుందన్నదానికి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే జవాబిచ్చాడు. నేను చేయగలనన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారం, ఒకసారి స్వయంగా చేసి నెగ్గడం. మనలాంటివాళ్ళే చేస్తుంటే చూడటం ఆ తర్వాతి మాట. ఎవరో వేదిక మీంచి "మీరు చేయగలరు" అని చెప్పడం బలహీనమైన మందు. శిక్షణ హాల్లో ఎక్కువగా దొరికేది మాత్రం అదే.

జామెట్రీ సంగతి వచ్చింది కాబట్టి ఒక ఉదాహరణ చూద్దాం. త్రిభుజంలో మూడు శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు లంబాలు గీస్తే అవి ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అది లంబకేంద్రం. అల్పకోణ త్రిభుజంలో ఆ బిందువు లోపల ఉంటుంది, లంబకోణ త్రిభుజంలో సరిగ్గా లంబకోణ శీర్షం మీదే ఉంటుంది, అధికకోణ త్రిభుజంలో బయటికి పోతుంది. నల్లబల్ల మీద ఇది చూపాలంటే స్కేలు, మూలమట్టంతో మూడు బొమ్మలు వేయాలి. కాస్త అటూ ఇటూ అయితే మూడు గీతలూ ఒకచోట కలవవు. పావుగంట అక్కడే పోతుంది. మూడో బొమ్మ దగ్గర భుజాలను పొడిగించాలి కాబట్టి సగం మంది పిల్లలు దారి తప్పుతారు.

ఇదే పాఠం జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తే ఒకే త్రిభుజం, ఒకే బొమ్మ. టీచరు ఒక శీర్షాన్ని వేలితో పట్టుకుని మెల్లగా పక్కకు లాగుతారు. లంబకేంద్రం కూడా కదులుతుంది. కదిలి కదిలి శీర్షాన్ని తాకుతుంది, ఇంకొంచెం లాగితే త్రిభుజం దాటి బయటికొస్తుంది. "ఇప్పుడు ఈ కోణం ఎంత?" అని అక్కడ ఆపి అడిగితే పాఠం పిల్లల నోటి నుంచే వచ్చేస్తుంది. 2001లో ఆస్ట్రియాకు చెందిన మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ బడులకు ఉచితం, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఈ ఒక్క పాఠం కోసం టీచరు నేర్చుకోవాల్సినవి నాలుగే నాలుగు పనులు: బిందువు పెట్టడం, రేఖాఖండం గీయడం, లంబం గీయడం, బిందువును లాగడం. మిగతా యాభై బటన్ల జోలికి వెళ్ళనక్కర్లేదు. సైన్స్ వారికి కరెంటు సర్క్యూట్ల పాఠానికి కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, ఇలాగే పనికొస్తాయి, కొన్నిటిలో తెలుగు కూడా ఉంది.

దీనికి భిన్నంగా పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌ను ప్యానెల్ మీద తెరిచి చదివిస్తే ఒరిగేది ఏమీ లేదు. పిల్లల చేతిలో అదే పుస్తకం ఉంది, అక్షరాలు అందులోనే బాగా కనిపిస్తాయి. డిజిటల్ బోధన కింద లెక్కకొచ్చేది మాత్రం ఎక్కువగా ఇలాంటిదే.

హైదరాబాద్‌లో తెలుగులో పాఠం చెప్పే టీచరుకు ఇంకో ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. దాని గురించి విధాన పత్రాల్లో ఎవరూ రాయరు. అది తెలుగు టైపింగ్. ప్రశ్నపత్రం తయారు చేయాలంటే కాగితం మీద చేత్తో రాసి డీటీపీ సెంటర్‌కు ఇవ్వడం ఏళ్ళ తరబడి అలవాటు. అక్కడ 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొడతారు. ఆ ఫైల్ తెచ్చి స్కూల్ కంప్యూటర్లో తెరిస్తే ఆ ఫాంట్ లేదు కాబట్టి తెలుగు బదులు పిచ్చి గీతలు, గుర్తులు వస్తాయి. టీచరు తన వల్లే ఏదో తప్పు జరిగిందనుకుని మూసేస్తారు. ఎక్కడ తెరిచినా కనిపించే యూనికోడ్ అక్షరాలకూ పాత డీటీపీ ఫాంట్లకూ తేడా ఏమిటో పది నిమిషాలు వివరించిన శిక్షణ అరుదు. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి ప్రశ్న చదివితే తెలుగులో టైపవుతుందని చూపించి, ఒత్తులు తప్పుపడిన చోట ఎలా దిద్దాలో నేర్పి, దాన్ని గూగుల్ డాక్స్‌లోకి తెచ్చి ప్రింటు తీయించి చూడండి. గంట పని. ఆ సాయంత్రం ఆ టీచరు చేతిలో సొంతంగా కొట్టిన యూనిట్ టెస్ట్ పేపర్ ఉంటుంది. బండూరా చెప్పిన నెగ్గడం అంటే ఇదే. ఉర్దూ మీడియం టీచర్ల ఇబ్బంది ఇంకో రకం, కుడి నుంచి ఎడమకు రాసే లిపిలో లెక్కలు కలిస్తే గందరగోళం ఎక్కువ. పాతబస్తీ బళ్ళ కోసం శిక్షణ పెట్టేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఈ బెరుకుకు విద్యాశాఖ చేతలూ కొంత కారణం. టీచరు చేతి ఫోన్ ఈ పదేళ్ళలో ఆఫీసు గుమాస్తా బల్ల అయిపోయింది. హాజరు, కేంద్రానికి పంపే యుడైస్ బడి వివరాలు, భోజనం లెక్క, కార్యక్రమం జరిగినట్టు రుజువుగా ఫొటోలు, పై నుంచి వాట్సాప్‌లో 'అర్జెంట్' అని వచ్చే గూగుల్ షీట్లు. సర్వర్ బిజీ అని వస్తే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాలి, ఆలస్యమైతే మెమో భయం. ఆఫీసు తరఫున టీచరుకు టెక్నాలజీతో ఉన్న అనుభవమంతా ఇలాంటిదే అయితే, దాన్ని తరగతిలోకి కూడా తెమ్మంటే ఎవరికి ఉత్సాహం ఉంటుంది? ప్యానెల్ ఎన్ని గంటలు వాడారో లెక్కలు అడగడం మొదలుపెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ప్యానెల్ ఆన్ అవుతుంది, ఏదో ఒక వీడియో దాని మానాన అది నడుస్తుంది, లెక్క సరిపోతుంది.

శిక్షణలకు కొదవేమీ లేదు. 2019లో కేంద్రం నిష్ఠ పేరుతో సుమారు 42 లక్షల మంది ప్రాథమిక స్థాయి టీచర్లను లక్ష్యంగా పెట్టుకుంది, కరోనా వచ్చాక దాన్ని దీక్ష అనే ఆన్‌లైన్ వేదిక మీదికి మార్చింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. బషీర్‌బాగ్‌లోని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) నుంచి బడి దాకా రావడానికి రాష్ట్ర స్థాయి, జిల్లా స్థాయి, మండల స్థాయి అంటూ మెట్లు ఉన్నాయి. పై మెట్టు మీద అసలు ప్యానెల్ మీద సాధన చేయిస్తారు. కింది మెట్టుకు వచ్చేసరికి అది ప్యానెల్ ఫొటో ఉన్న పీపీటీగా మిగులుతుంది. ఆన్‌లైన్ కోర్సుల సంగతి చెప్పనక్కర్లేదు, వీడియో ఒక పక్క నడుస్తుంటే మరో పక్క నోటు పుస్తకాలు దిద్దుకుని, చివర్లో సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడం స్టాఫ్ రూముల్లో అందరికీ తెలిసిన విద్యే. అది బద్ధకం అనలేం. నోటు పుస్తకాలు నిజంగా దిద్దాల్సినవి.

శిక్షణలో నేర్చింది తరగతి దాకా ఎందుకు చేరదన్న విషయం మీద బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1980ల నుంచీ రాశారు. సిద్ధాంతం చెప్పినా, చేసి చూపినా, అక్కడే సాధన చేయించినా సరిపోదు, తిరిగి తన బడికి వెళ్ళాక పక్కన ఒక తోడు ఉంటేనే కొత్త పద్ధతి నిలుస్తుందని వాళ్ళ వాదన. తెలంగాణకు దీని అనుభవం కొంత ఉంది. 2015లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్ట్స్ కలిసి మొదలుపెట్టిన క్లిక్స్ కార్యక్రమం నడిచిన నాలుగు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్ టీచర్లే తమ పిల్లల్ని ల్యాబుకు తీసుకెళ్ళేలా దాన్ని రూపొందించారు, టీచర్లకు ఫోన్ గ్రూపులు పెట్టారు. కంప్యూటర్ సారు అడ్డు లేకపోవడమే దాని అసలు సుగుణం.

తోడు ఉండాలని అందరూ అంటారు, ఆ తోడు ఎలా ఉండాలన్నది ఎవరూ పట్టించుకోరు. స్టాఫ్ రూములో మామూలుగా జరిగేది ఇది. "ఈ వీడియో ఎలా పెట్టాలమ్మా?" అని సీనియర్ మేడం అడుగుతారు. కొత్తగా వచ్చిన టీచరు "ఇలా ఇవ్వండి మేడం" అని మౌస్ లాక్కుని టకటకా ఐదు క్లిక్కులు కొట్టి "అంతే మేడం, సింపుల్" అంటారు. పని అయింది, మేడంకు మాత్రం ఏమీ రాలేదు. పైగా 'సింపుల్' అన్న మాట ఒకటి మిగిలింది. సింపుల్ అయినదే తనకు రాలేదంటే ఇక మళ్ళీ అడగరు. సాయం చేసేవాళ్ళకు నేర్పాల్సిన మొదటి విద్య చేతులు కట్టుకుని నిలబడటం. మౌస్, రిమోట్ నేర్చుకునేవాళ్ళ చేతిలోనే ఉండాలి. తప్పు బటన్ నొక్కినా ఆగాలి, వెనక్కి ఎలా రావాలో మాత్రం చెప్పాలి. అక్కడే భయం తగ్గుతుంది. ఏదో నొక్కితే ప్యానెల్ పాడైపోతుందని, రిపేరు డబ్బులు తన మీద పడతాయని లోలోపల అనుకునే టీచర్లు తక్కువేమీ కాదు. అలా పడవని హెచ్‌ఎం నోటితో తేల్చి చెబితే సగం బరువు దిగుతుంది.

సాధన కూడా పిల్లలు లేనప్పుడు, తలుపు వేసుకుని, తన బడిలోని ప్యానెల్ మీదే జరగాలి. శిక్షణ కేంద్రంలో ఒక కంపెనీ ప్యానెల్, బడిలో ఇంకో కంపెనీది ఉంటే మెనూలు వేరు, రిమోట్ వేరు. ఆ బడి రిమోట్‌నూ, కేబుల్ పెట్టే చోటునూ ఫోన్‌తో ఫొటో తీసి, ఏది నొక్కాలో తెలుగులో బాణం గుర్తులు పెట్టి, జిరాక్స్ షాపులో ల్యామినేషన్ చేయించి ప్యానెల్ పక్కన తగిలిస్తే 'నో సిగ్నల్' గొడవ చాలామటుకు తీరుతుంది. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. ప్యానెల్ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇన్వర్టర్ ఉందా, నెట్ బిల్లు ఎవరు కడతారు అన్నవి చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, తాళం కోసం అటెండర్‌ను వెతకడంలో పది నిమిషాలు పోయిన టీచరు రెండోసారి వెతకరు.

ఇక చివరి బెంచీ పిల్లవాడు. వాడు చెప్పింది నిజమే కదా, సోర్స్ నొక్కాలి. "అయితే నువ్వే వచ్చి పెట్టరా" అని పిలిచిన తరగతిలో నవ్వు అక్కడితో ఆగిపోతుంది, వాడికి ఒక బాధ్యత వస్తుంది. కొన్ని బళ్ళలో ఇద్దరు పిల్లలకు వారం వారం ఈ పని అప్పగిస్తారు. పీరియడ్ మొదలయ్యేసరికి ప్యానెల్ సిద్ధంగా ఉంటుంది. దీనివల్ల టీచరు పరువు పోవడం అటుంచి పెరుగుతుంది, ఎందుకంటే పాఠం ఇంకా టీచరు చేతిలోనే ఉంది. హెచ్‌ఎం స్వయంగా ఒక పాఠం ప్యానెల్ మీద చెప్పి, మధ్యలో తడబడి, పిల్లల సాయంతో సర్దుకుంటే మిగతా స్టాఫ్‌కు అంతకంటే పెద్ద అనుమతి అక్కర్లేదు.

కాలనీల్లోని చిన్న ప్రైవేటు స్కూళ్ళలో వేరే బాధ. అక్కడ కంపెనీ తయారుచేసిన స్మార్ట్ క్లాస్ పాఠాలు ఉంటాయి, టీచరు ప్లే నొక్కాలి. జీతం తక్కువ కావడంతో ఏడాదికో రెండేళ్ళకో టీచరు మారిపోతారు, నేర్పినదంతా వాళ్ళతోనే పోతుంది. అక్కడ మనిషికి నేర్పడంతో పాటు, ప్రతి పాఠానికీ ఏది ఎక్కడ ఆపి ఏం అడగాలో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచే అలవాటు చేయడం అవసరం. తర్వాత వచ్చేవాళ్ళకు అదైనా మిగులుతుంది.

చాట్‌జీపీటీ, జెమినీ లాంటి ఏఐ సాధనాలు వచ్చాక ఒక విచిత్రం జరిగింది. ఇన్నాళ్ళూ టెక్నాలజీలో వయసు పెద్దలకు అడ్డంకి, ఇక్కడ అది బలం. ఏడో తరగతి తెలుగు పాఠం మీద పది ప్రశ్నలు అడిగితే యంత్రం ఇస్తుంది. అందులో రెండు పాఠంలో లేనివి, ఒకటి సంధి తప్పుగా విడదీసింది. అది పట్టుకోవాలంటే పాఠం ఔపోసన పట్టిన టీచరు కావాలి. బెరుకు పోగొట్టడానికి ఇది మంచి ప్రవేశద్వారం, ఎందుకంటే ఇక్కడ తప్పు చేసేది యంత్రం, దిద్దేది టీచరు. మాట్లాడితే చాలు కాబట్టి టైపింగ్ బెడదా తక్కువే.

మిగిలింది సమయం. వేసవి సెలవుల్లో శిక్షణ పెడితే జూన్‌లో బడి తెరిచేసరికి కొంత, త్రిభుజాల పాఠం వచ్చేసరికి మొత్తం మరిచిపోతారు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఏడాది పొడవునా ఎలాగూ జరుగుతాయి. వాటిలో సర్క్యులర్లు చదవడం తగ్గించి, వచ్చే నెలలో చెప్పబోయే ఒక్క పాఠాన్ని ఒక్క సాధనంతో అందరూ చేసి చూసేలా పెట్టుకోవచ్చు. తర్వాతి పదిహేను రోజుల్లో కాంప్లెక్స్‌లోని ఒక టీచరు మరొకరి తరగతికి వెళ్ళి వెనక కూర్చోవాలి. ఆ పూట ఆయన తరగతి ఎవరు చూస్తారన్నది ముందే టైంటేబుల్‌లో రాసి పెట్టాలి. ఇద్దరే టీచర్లున్న బడి నుంచి ఒకరిని కదిలించాలంటే మండల విద్యాధికారి (ఎంఈఓ) సర్దుబాటు ఉత్తర్వు తప్పనిసరి. ప్రతిసారీ అడుక్కోనక్కర్లేకుండా ఏడాది మొదట్లోనే ఒకేసారి ఇస్తే ఈ ఏర్పాటు నడుస్తుంది.